అమ్మ దిద్దిన వాక్యం

అమ్మ రాయ్‌పూర్‌లో రైల్వే పిల్లల బడిలో తెలుగు చెప్పేది. పిల్లలు చేరడం లేదని తెలుగు సెక్షన్ మూసేశాక ఆమెకు హాజరు రిజిస్టర్లు రాసే పని ఇచ్చారు. ఆ పనిలోనే రిటైరయింది.

ఇక్కడి తెలుగువాళ్ల కోసం ఇంటర్నెట్‌లో నేనొక ఫోరం పెట్టి, అందులో అమ్మకు 'తెలుగు నేర్చుకుందాం' అనే విభాగం ఇచ్చాను. మొదట్లో బాగానే రాసేవారు. రెండేళ్లలో అందరూ ఫోన్లలో గ్రూపులకు వెళ్లిపోయారు. అమ్మ మాత్రం రోజూ పొద్దున్నే టీ తాగి కంప్యూటర్ ముందు కూర్చునేది.

ఒకరోజు నన్ను పిలిచింది. "ఒరే, ఎవరో కొత్త పిల్ల చేరింది. తెలుగు బొత్తిగా కచ్చాగా ఉంది గానీ, కోషిష్ చేస్తోంది."

చూశాను. 'ప్రియమైన పేరు గారికి, నేను మీ మంచి పుట చదువుట సంతోషం ఉన్నాను' అని ఉంది. మనిషి కాదు, తనంతట తానే ప్రకటనలు గుమ్మరించే ప్రోగ్రాం, బాట్ అది. అదీ చెడిపోయిన బాట్. పేరు ఉండాల్సిన చోట పేరు పెట్టలేదు, అంటించాల్సిన లింకు అంటించలేదు. కింద అమ్మ జవాబు: 'చదివి సంతోషించాను అనాలమ్మా. పేరు అన్నచోట అవతలివాళ్ల పేరు రాయాలి.'

అప్పుడే చెప్పాల్సింది. శంకర్ నగర్‌లో ఆఫీసుకు టైమైందని వెళ్లిపోయాను.

ఆ బాట్ రోజూ కొత్త శీర్షిక పెట్టి అదే వాక్యం రాసేది. ప్రతిదాని కిందా అమ్మ ఒక కొత్త పాఠం రాసేది. "మళ్లీ అదే గల్తీ. ఇంట్లో తెలుగు మాట్లాడరు కాబోలు, పాపం" అనేది అన్నం వడ్డిస్తూ. నేను తలూపేవాణ్ని. ఆ పాఠాల్లో ఒక్కటీ చదవలేదు.

నాలుగు నెలలకు, చెత్త తీసేయకపోతే సైటు ఆపేస్తామని సర్వర్ కంపెనీ మెయిల్ పెట్టింది. లంచ్ టైములో ఆ ఖాతానూ అది మొదలుపెట్టిన చర్చలన్నిటినీ ఒక్క నొక్కుతో తీసేశాను. కింది జవాబులు కూడా పోతాయని నాకు తెలుసు. అమ్మ గుర్తుకు రాలేదు, అంతే. బ్యాకప్ లేదు.

సాయంత్రం అమ్మ గుమ్మంలోనే అడిగింది. "ఆ పిల్ల రాసినవి కనబడట్లేదురా. నేను రాసినవీ లేవు."

చెప్పాను. అది మనిషి కాదని, మొదటి రోజే నాకు తెలుసని కూడా.

"నాలుగు నెలలు నన్ను చూసి నవ్వుకున్నావా?"

"నవ్వలేదమ్మా."

"మరేం చేశావు?"



అమ్మ మళ్లీ కంప్యూటర్ ముట్టలేదు. తర్వాత మా అమ్మాయికి అక్షరాలు దిద్దించమని అడిగితే, "నీకు వచ్చుగా, నువ్వే నేర్పు" అంది. నేను నేర్పలేదు. మా అమ్మాయి నానమ్మతో హిందీలోనే మాట్లాడుతుంది. అమ్మ హిందీలోనే జవాబిస్తుంది.