ఆ పాటల్లో గొంతు ఎవరిది

పాత బ్యాండు మళ్లీ కలిసిందని నాకు మొదట చెప్పింది టోలిచౌకిలో టైల్స్ షాపు నడిపే అన్న. పొద్దున్నే ఫోన్ చేసి, కొత్త ఆల్బమ్ వచ్చిందట, విన్నావా అని అడిగాడు. లేదన్నాను.

"ఇను చెల్లె. ఇన్నంక నాకు ఫోన్ చెయ్యి. నాకైతే ఏదో తేడా కొడుతుంది" అన్నాడు.

ఆయన నాకు తోడబుట్టిన అన్న కాదు. మేమిద్దరం ఒకే బ్యాండు వెంట తిరిగినవాళ్లం, అంతే. అప్పుడే నేను తణుకు నుంచి కొత్తగా వచ్చాను. ఫిల్మ్ నగర్‌లో డబ్బింగ్ అవకాశాల కోసం హాస్టల్లో ఉండి తిరిగేదాన్ని. వారమంతా ఆఫీసుల్లో "చెప్పి పంపిస్తామమ్మా" అన్న మాట విని, ఆదివారం సాయంత్రం జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా సెల్లార్‌కి పోయేదాన్ని. నలుగురు కుర్రాళ్లు అక్కడ సొంత పాటలు వాయించేవాళ్లు. సినిమా పాట ఒక్కటి కూడా వాయించేవాళ్లు కాదు. ఆ కొండమీద సినిమా మాట వినపడని చోటు అదొక్కటే అనిపించేది నాకు. చెప్పులు మెట్ల మీద వదిలి, చాపల మీద ఒకరినొకరం ఆనుకుని కూర్చునేవాళ్లం.

బంగళా పాడేవాడి వాళ్లది. వాళ్లు కోస్తా నుంచి వచ్చిన కుటుంబం, నాన్నగారికి సినిమాల్లో ఏదో వ్యాపారం. మనిషి పొడుగ్గా, చూడ్డానికి బాగుండేవాడు. అందరి కళ్లూ అతని మీదే. బేస్ గిటార్ వాయించేవాడిది రహమత్ నగర్. గిటార్ వీపున వేసుకుని కొండ ఎక్కే ఆ చడావంతా నడిచి వచ్చేవాడు. గోడకి ఆనుకుని నిలబడి వాయించి, అలాగే వెళ్లిపోయేవాడు. అతని ముందు మైకు ఉండేది కాదు. అన్నేళ్లలో అతని గొంతు ఎలా ఉంటుందో నేను ఒక్కసారి కూడా వినలేదు.

ఒక ఆదివారం వెళితే సెల్లార్‌కి తాళం వేసి ఉంది. బ్యాండు విడిపోయిందన్నారు, ఎందుకో ఎవరూ చెప్పలేదు. పాడేవాడికి సినిమా ఛాన్స్ వచ్చిందని కొందరు, అమ్మాయి విషయంలో గొడవని కొందరు చెప్పుకున్నారు. ఏళ్లు గడిచాయి. నాకు పని దొరికింది, పెళ్లయింది, మోతీనగర్‌లో కాపురం పెట్టాం. ఆ పాటలు మాత్రం ఎవరో ఫోన్లో రికార్డు చేసినవి నా దగ్గర ఉండిపోయాయి.

అన్న ఫోన్ పెట్టేశాక వంటింట్లో చిక్కుడుకాయలు తుంచుతూ కొత్త ఆల్బమ్ పెట్టాను. మొదటి పాటకే ఒళ్లు జలదరించింది. రెండోది, గల్లీలో నీళ్ల ట్యాంకర్ కోసం బిందెలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ల మీద పాట. అది వింటుంటే నా చెయ్యి ఆగిపోయింది. పాట బాగాలేక కాదు. అందులో తెలంగాణ యాస మరీ బాగుంది.

నా పని గురించి కొంచెం చెప్పాలి. తెలుగు రాని హీరోయిన్లకి నేను గొంతు ఇస్తాను. తెర మీద ముఖం ఒకరిది, మాట నాది. ఈ మధ్య హీరోయిన్లు తెలంగాణ యాసలో మాట్లాడుతున్నారు కాబట్టి గోదావరి యాస పుట్టుకతో వచ్చిన నేను అదీ నేర్చుకున్నాను. నేర్పింది ఈ టైల్స్ షాపు అన్నే. ఎంత నేర్చుకున్నా ఒక చోట దొరికిపోతాం. మనది కాని మాట దగ్గర ఒక్క పిసరు ఎక్కువ నొక్కుతాం. ఆ పాటలో అలాంటి నొక్కు ఎక్కడా లేదు. పుట్టినప్పటినుంచి ఇంట్లో అదే మాట్లాడినవాడు పాడినట్టుంది. మరి ఆ బంగళాలో ఆ యాస ఎవరు మాట్లాడారు?

అన్నకి ఇదే చెప్పాను. ఆయన అనుమానం వేరు. పాట రాసి కంప్యూటర్‌కి ఇచ్చారు, పాడేవాడి పాత గొంతు తీసుకుని అదే పాడింది అన్నాడు. మా పాత శ్రోతల వాట్సాప్ గ్రూప్‌లో అప్పటికే ఇదే గొడవ. మొదటి రోజు అందరూ ఏడుపు బొమ్మలు, ప్రేమ గుర్తులు పెట్టారు. రెండో రోజుకి మాట మారింది. దీని వెనక ఏదో సినిమా కంపెనీ ఉందన్నారు. తెలంగాణ యాసకి ఇప్పుడు గిరాకీ ఉందని అమ్ముకుంటున్నారన్నారు. ఒకాయన పాటని ఏదో సాఫ్ట్‌వేర్‌లో వేస్తే మెషిన్ పాడిందని వచ్చింది. ఇంకొకావిడ ఇంకో దాంట్లో వేస్తే మనిషేనని వచ్చింది. నువ్వు స్టూడియోలో పనిచేస్తావు కదా, నువ్వే తేల్చమని అందరూ నా మీద పడ్డారు.

మర్నాడు భోజనాల వేళ మా డబ్బింగ్ థియేటర్‌లో సౌండ్ ఇంజనీర్‌ని బతిమాలి పెద్ద స్పీకర్లలో పెట్టించాను. ఆయన ట్యాంకర్ పాట రెండుసార్లు విన్నాడు.

"మెషిన్ కాదనుకుంటానండీ. చరణం చివర ఊపిరి చాలక మాట మింగేశాడు చూడండి" అని, పాట ఆపుతూ, "ఇప్పుడు అది కూడా చేయిస్తున్నారు లెండి" అన్నాడు.

పాత రికార్డింగ్ కూడా పెట్టించుకుని పక్కపక్కన విన్నాను. రెండింటిలోనూ గొంతు ఇంచుమించు ఒకే శ్రుతి. పాడే తీరు కూడా ఎంతో దగ్గర. కానీ నా చెవికి అది వేరే మనిషి. అన్నకి చెబితే ఒప్పుకోలేదు. మనిషే అయితే ఎవరో చెప్పమన్నాడు.

తర్వాతి వారం జూబ్లీహిల్స్‌లో ఒక కెఫే తోటలో పాడతామని బ్యాండువాళ్లు పాత శ్రోతలందరినీ పిలిచారు. ఆదివారం సాయంత్రం అన్న కారులో ఇద్దరం వెళ్లాం. అప్పట్లో మెట్ల మీద చెప్పులు వదిలినవాళ్లం ఇప్పుడు జుట్టు నెరిసి, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చాం. ఒకరినొకరం పలకరించుకుంటున్నా అందరి కళ్లూ వేదిక మీదే ఉన్నాయి. పెళ్లికొడుకుని చూడ్డానికి వచ్చి లోపాలు వెతికే పెద్దల్లా ఉన్నాం.

నలుగురూ వచ్చారు. ఎండాకాలమైనా పాడేవాడు మెడకి మఫ్లర్ చుట్టుకున్నాడు. షోకు అనుకున్నాను. నమస్కారాలు, నాలుగు మాటలు అన్నీ కీబోర్డు అతనే చెప్పాడు. పాడేవాడు నవ్వి చేతులు జోడించాడు, అంతే. పలకరింపుకి కూడా నోరు విప్పడేమిటని అన్న నా వైపు చూశాడు.

పాటలు మొదలయ్యాయి. చుట్టూ అందరూ ఊగుతున్నారు. నేను మాత్రం అతని పెదవులే చూస్తున్నాను. పగలంతా చేసే పని అదే కదా. "మ" అన్నా "బ" అన్నా పెదవులు కలవాలి. గొంతు ముందు వినిపించి పెదవులు తర్వాత కలిస్తే ఆ మాట అక్కడ పుట్టలేదని అర్థం. మూడో పాటకి నాకు సందేహం లేదు. అతను పాడట్లేదు. అన్న చెవిలో చెప్పాను.

పాట అయ్యాక చప్పట్లు ఆగేదాకా ఆగి, అన్న లేచి నిలబడ్డాడు. ఆయన గొంతులో కోపం లేదు, మర్యాదగానే అడిగాడు.

"అన్నా, ఒక్క పాట మైకు పక్కకు పెట్టి పాడుండ్రి. సెల్లార్‌ల కరెంటు పోతే గట్లనే పాడెటోళ్లు గదా."

పాడేవాడు బేస్ గిటార్ అతని వైపు చూశాడు. అతను తల దించుకున్నాడు. అప్పుడు పాడేవాడు మఫ్లర్ తీసేశాడు. మెడ కింద అడ్డంగా కోత మచ్చ ఉంది. మైకు నోటికి బాగా దగ్గరగా పెట్టుకున్నాడు. వచ్చిన శబ్దంలో గాలి ఎక్కువ, మాట తక్కువ.

"పాడలేను. ఆపరేషన్ అయ్యాక నాకు ఇంతే వస్తోంది. ఈ పాటలన్నీ పాడింది వీడు" అని బేస్ గిటార్ అతని భుజం మీద చెయ్యి వేశాడు.

ఒకావిడ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి ఎవరో, మరి మాకెందుకు చెప్పలేదని అడిగారు. దానికి బేస్ గిటార్ అతను జవాబిచ్చాడు. అతని మాట నేను వినడం అదే మొదలు.

"నేనే చెప్పొద్దన్న. నేను పాడిన్నని తెలిస్తే మీరు పాట పెట్టుకోకనే పోదురు. ముందు ఇననీ అనుకున్న."

మొదటి మాటకే ఆల్బమ్‌లోని ఆ గొంతు గుర్తుపట్టాను. పాడేవాడు మళ్లీ మైకు అందుకుని, అప్పట్లో ఒక్క పాట తను పాడతానని వీడు అడిగితే వద్దన్నాననీ, బ్యాండు విడిపోయింది అందుకేననీ ఊపిరి తీసుకుంటూ ఒక్కో ముక్కా చెప్పాడు. ఇన్నేళ్లు మేం ఊహించిన కారణాల్లో అది లేదు.

నాకు జాలి కలగాల్సింది, కోపం వచ్చింది. పదిహేనేళ్లుగా నా గొంతు వేరేవాళ్ల ముఖం మీద వినిపిస్తోంది. అది నేను ఎంచుకున్నది కాదు, ఆ పనే అంత. ఈ బేస్ గిటార్ అతను మాత్రం కోరి వెళ్లి ఇంకొకరి ముఖం వెనక నిలబడ్డాడు.

ఎవరో అతన్నే పాడమన్నారు. ట్యాంకర్ పాట మొదలుపెట్టి, సగంలో ఆగి, మళ్లీ ఎత్తుకున్నాడు. ఆ పాట అవకముందే కొందరు పిల్లల్ని లేవదీసుకుని వెళ్లిపోయారు. అన్న కూడా కారు దగ్గరికి వెళ్లిపోయాడు. పాట పూర్తయ్యాకే నేను వెళ్లాను.

దారిలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు, "గొంతుకు ఆపరేషన్, దోస్తు వచ్చి పాడుడు. అచ్చం సినిమా లెక్కనే ఉంది చెల్లె. ఎవలో రాసిచ్చిన్రు."

మెడ మీద మచ్చ చూశాం కదా అన్నాను.

"మచ్చ పెట్టుడు ఫిల్మ్ నగర్‌ల ఎంతసేపు?"

అంతకన్నా నిజమనిపించే మచ్చలు పెట్టే మేకప్ వాళ్లు నాకు తెలుసు. ఆ మాట నాలో కూర్చుండిపోయింది. గ్రూప్‌లో కూడా అదే నడిచింది. ముందు దాచిపెట్టి, తర్వాత ఏడిపించి, ఆల్బమ్‌కి పేరు తెచ్చుకోవాలని ముందే అనుకున్నారని రాశారు. కాదని రాయబోయి నేనూ ఆగిపోయాను. నాకూ నమ్మకం లేదు.

నెల దాటాక, గొంతు బొంగురు పోతే జూబ్లీహిల్స్‌లో నేనెప్పుడూ వెళ్లే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. మధ్యాహ్నం, పెద్దగా జనం లేరు. మూల కుర్చీలో ఆ పాత గాయకుడు కూర్చుని ఉన్నాడు. మఫ్లర్ లేదు, ఒళ్లో స్కానింగ్ కవర్లు ఉన్నాయి. అతనికి నేనెవరో తెలియదు. రిసెప్షన్ అమ్మాయి పేరు పిలిచింది. అతను పలికాడు, ఆ అమ్మాయికి వినపడలేదు. మళ్లీ పిలిచింది. అతను ఇంకోసారి పలికి, లాభం లేక చెయ్యెత్తాడు. ఆమె కంప్యూటర్ వైపు చూస్తోంది. చివరికి లేచి వెళ్లి బల్ల మీద వేలితో తట్టాడు. అక్కడ అతన్ని చూసేవాళ్లు ఎవరూ లేరు, నేను తప్ప. లోపలికి వెళ్తూ ఆ అమ్మాయికి సారీ చెప్పినట్టు పెదవులు కదిపాడు.

బయటికొచ్చి అన్నకి ఫోన్ చేసి చూసింది చూసినట్టు చెప్పాను. "అట్లనా" అన్నాడు. గ్రూప్‌లో నేను రాయలేదు. ఒకరి జబ్బుకి సాక్ష్యం చెప్పాలనిపించలేదు.

కొన్నాళ్లకి ఆల్బమ్ మీద పాడినవాడి పేరు మార్చారు. వినేవాళ్లు తగ్గారు. వర్షాలు మొదలయ్యాక ఫిల్మ్ నగర్‌లో ఒక చిన్న రిహార్సల్ హాల్లో మళ్లీ వాయించారు. కుర్చీలు సగం ఖాళీ. ఈసారి బేస్ గిటార్ అతను మైకు ముందు నిలబడ్డాడు. పాత గాయకుడు పక్కన కూర్చుని చిన్న గిలక్కాయ ఊపుతూ తాళం వేశాడు. పిలవకపోయినా అన్న వచ్చి, తలుపు దగ్గర చేతులు కట్టుకుని చివరిదాకా నిలబడ్డాడు.

అయ్యాక అందరూ బేస్ గిటార్ అతని చుట్టూ చేరి, అద్భుతం, ఏడిపించేశారు అంటున్నారు. అతను ఒక్కొక్కరి ముఖం వైపు చూస్తూ తలాడిస్తున్నాడు. నమ్మట్లేదని తెలుస్తూనే ఉంది. నా వంతు వచ్చింది. నేను డబ్బింగ్ చెబుతానని ఎవరో చెప్పినట్టున్నారు.

"మీరు చెప్పుండ్రి మేడం, ఎట్లుంది?" అన్నాడు.

"రెండో పాటలో భయపడ్డారు. పైకి వెళ్లాల్సిన చోట ఊపిరి ముందే అయిపోయింది. మిగతావి బాగున్నాయి" అన్నాను.

అతను ఆ సాయంత్రం మొదటిసారి నవ్వాడు. "అవును, అయిపోయింది" అన్నాడు. తర్వాత నన్ను పక్కకి తీసుకెళ్లి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో ఆ చరణం తక్కువ గొంతుతో పాడి చూపిస్తూ అడిగాడు.