డ్రమ్మును చూడని లెక్క

నేను బీఎస్సీ రెండో సంవత్సరంలో ఉండగా జరిగింది. నెల్లికుదురులో మా నాయినకు పాత ప్లాస్టిక్ డ్రమ్ముల దుకాణం ఉంది. ఆ ఏటి సెలవుల్లో ఉచితంగా దొరికే ఒక గణిత ప్రోగ్రామును ల్యాప్‌టాప్‌లో వేసుకుని నేర్చుకుంటున్నాను. అంకెలు ఇవ్వకపోయినా అది వట్టి అక్షరాలతోనే లెక్క చేస్తుంది.

నేల మీద నిలబెట్టిన నిండు డ్రమ్ముకు ఎక్కడ తూటు పెడితే నీటి ధార ఎక్కువ దూరం పడుతుందో దానితో లెక్క కట్టించాను. ఎత్తు ఎంతో చెప్పకుండా హెచ్ అని మాత్రం రాశాను. హెచ్ బై రెండు అని జవాబు వచ్చింది. అంటే ఏ డ్రమ్మయినా సరిగ్గా నడుమనే.

నాయిన ఒప్పుకోలేదు. “కింద పెడితేనే ధార జోరుగ కొడ్తది. ఇన్నేండ్ల సంది నల్లాలు కిందనే బిగిస్తున్న. గిదేంది కొత్త ముచ్చట?”

నేనూ పట్టు విడవలేదు. చివరికి ఆయన అమ్మకానికి పెట్టిన మంచి డ్రమ్మునే ముందుకు తోశాడు. “పెట్టు తూట్లు. తప్పయితే ఇగ ఆ ల్యాప్‌టాప్ డబ్బ ముట్టద్దు.”

నడుమ ఒకటి, దానికి పైనా కిందా సమాన దూరంలో ఒక్కొక్కటి పెట్టి, బిరడాలు బిగించి, నీళ్లు నింపి, భయంభయంగా వాటిని లాగాను. కింది ధార జోరుగానే వచ్చింది కానీ తొందరగా నేలను తాకింది. పై ధార కూడా సరిగ్గా అక్కడే పడింది. నడిమి ధార రెండింటినీ దాటి నాయిన చెప్పుల మీద పడింది.

ఆయన కాళ్లు తీయలేదు. ల్యాప్‌టాప్ వైపు చూసి మెల్లగా అడిగాడు.

“బిడ్డా, దీనికి ఎన్నడన్న డ్రమ్ము సూపెట్టినవా?”

“లేదు నాయినా,” అన్నాను. అన్నాక నాకే తట్టింది. హెచ్ అనే ఆ ఒక్క అక్షరంలో మా దుకాణంలోని డ్రమ్ములన్నీ ఉన్నాయి.