రంగసామి చుట్టిన మోటారు

తొమ్మిదేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నాను.

పొల్లాచ్చి దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. మా ఆయన పోయాక దాన్ని నేనొక్కదాన్నే చూసుకుంటున్నాను. ఆడదానివల్ల కాదు, అమ్మేయమని మా మరిది ఎప్పుడూ పోరేవాడు. ఆ ఎండాకాలం బావిలోని మోటారు కాలిపోయింది. మోటార్లు బాగుచేసే రంగసామి వచ్చి, విప్పి, లోపలి రాగితీగ అంతా కొత్తగా చుట్టి బిగించాడు. అతనూ ఇంట్లో తెలుగు మాట్లాడే మనిషే. మా వీధి అంతా తమిళం, మరిదికీ తమిళమే అలవాటు. మా ఆయన తరువాత నాతో తెలుగులో నాలుగు మాటలు మాట్లాడేది అతనొక్కడే. నీళ్లు అడుగంటితే మోటారు ఆపేయమని, ఖాళీ బావిలో నడిస్తే మళ్లీ కాలుతుందని వెళ్లబోతూ చెప్పాడు. ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

విన్నాను. వారం తిరక్కుండానే, కొత్తగా నాటిన మొక్కలు వాడిపోతున్నాయని పొద్దున్నే స్విచ్చి వేసి, ఒక పెళ్లికి వెళ్లిపోయాను. సాయంత్రం వచ్చేసరికి బావి ఎండి ఉంది. మోటారు కాలిపోయింది.

ఏమైందని మరిది అడిగాడు. నిజం చెబితే ఏమంటాడో నాకు తెలుసు. "రంగసామి పని సరిగా చేయలేదు" అన్నాను. అంతే. ఆ మాట అక్కడితో ఆగుతుందనుకున్నాను. మరిది ఊరుకోలేదు. కోయంబత్తూరులోని వినియోగదారుల కోర్టుకు తనే అర్జీ రాయించాడు. వకీలు కూడా అక్కరలేదు, ఖర్చే ఉండదన్నాడు. కింద సంతకం నాది. కలం చేతిలో ఉన్నప్పుడైనా ఎందుకు ఆగలేదు? భయమా? అహంకారమా? ఆడదానివల్ల కాదన్న మాట ఇంకొక్కసారి వినలేకపోయాను, అందుకు ఇంకొకరి బతుకును అడ్డం పెట్టుకున్నాను. ఇంతకన్నా మంచి కారణం ఎంత వెతికినా నాకు దొరకలేదు.

రెండేళ్లు వాయిదాలు. పొల్లాచ్చి నుంచి ఇద్దరం ఒకే బస్సులో వెళ్లేవాళ్లం. నేను ముందు, అతను వెనక. వాయిదా ఉన్న రోజల్లా అతని షాపు మూసి ఉండేది. దిగేటప్పుడు నా వైపు చూసేవాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చునేదాన్ని. అతనికి సరిగా చెప్పుకోవడం రాలేదు. నేను తోట ఉన్న ఇంటిదాన్ని, తడబడకుండా చెప్పాను. గెలిచాను.

తీర్పు రోజు తిరుగు బస్సులో అతను నా సీటు దగ్గరికి వచ్చి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మణీ, ఒగ మాట అడగాల. కోర్టుకు గాదు, నా మనసుకు."

"ఏమి?"

"నేను చుట్టింది నిజంగానే తప్పా? ఎంత యోచన చేసినా యాడ తప్పు చేస్తినో తెలవలే. నా చేతిమీద నాకే నమ్మిక పోయె. నీళ్లు ఉండంగానే గదా మీరు నడిపినారు?"

"కోర్టే చెప్పేసె గదా రంగసామీ. నన్నడిగితే నాకేమి తెలుసు?"

కడ్డీ వదిలేశాడు. "సరింగ అమ్మణీ" అని తలూపి వెనక్కి వెళ్లిపోయాడు.

కోర్టులో చెప్పిన అబద్ధం కన్నా ఇదే నన్ను ఎక్కువగా తింటోంది. కోర్టు మోటారు గురించి అడిగింది. ఇతను తన గురించి అడిగాడు. కాదు, నీళ్లు లేవు, నీ పని మంచిదే అంటే సరిపోయేది. మా తెలుగు బస్సులో ఎవరికీ అర్థం కూడా అయ్యేది కాదు. అయినా అనలేకపోయాను.

తీగ చుట్టే మిషను అమ్మి కోర్టు చెప్పిన డబ్బు కట్టేశాడు. షాపు ఎత్తేశాడు. నాకు కొత్త మోటారు వచ్చింది. తోట నిలిచింది. మరిది నోరు మూసుకున్నాడు. నాకు దక్కింది ఇదే. వాకిట్లో కూర్చుని నాతో తెలుగు మాట్లాడే మనిషి మాత్రం లేడు. కొన్ని రోజులు నా గొంతు నేనే వినను.

పోయిన ఏడాది, అతను కోయంబత్తూరులో ఒక మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడని తెలిసి, చెప్పేద్దామని వెళ్లాను. రోడ్డుకు ఇవతల నిలబడి చూశాను. జుట్టు తెల్లబడింది. గేటు పక్కన అతని గదిలో టేబులు ఫ్యాను తిరగడం లేదు. మూత తీసి చూస్తే చాలు, బాగుచేయగలడు. అతను దానివైపు కూడా చూడకుండా, పేపరు మడిచి విసురుకుంటున్నాడు. అడుగు పడలేదు. వచ్చిన బస్సు ఎక్కేశాను.

నేను చదివింది తమిళం. తెలుగు అక్షరాలు మా నాయన నేర్పాడు. తమిళంలో రాస్తే ఇక్కడెవరైనా చదువుతారని తెలుగులో రాస్తున్నాను. రంగసామికి తెలుగు చదవడం రాదు. ఇది ధైర్యం కాదని తెలుసు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు ఇవ్వగలిగింది కాదు.

బావిలో నీళ్లు లేవు. మోటారు కాల్చింది నేను. రాసేశాను. ఇప్పుడు ఊపిరి ఆడుతోంది.