ఆర్పేసే మామగారి కరెంటు కారు

ఎక్కడైనా సరే, స్విచ్చు వేసి ఉండి పక్కన మనిషి కనిపించకపోతే మామగారు దాన్ని ఆపకుండా ముందుకు కదల్లేరు. అప్పుడాయన మీతో మాట్లాడుతూ ఉండొచ్చు, టీ తాగుతూ ఉండొచ్చు, తుమ్ముతూ కూడా ఉండొచ్చు. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. ముప్ఫై రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసిన మనిషి. మీటరు ఊరికే తిరుగుతోందంటే ఆయనకి పసిపిల్ల ఏడుపు విన్నట్టే. పిల్ల ఎవరిదైనా సరే, ఊరుకోలేరు.

ఒకసారి పళ్ల డాక్టరు ఏదో పరికరం కోసం అటు తిరిగితే, కుర్చీలో నోరు తెరుచుకుని పడుకున్న మామగారు నెత్తిమీది పెద్ద దీపం ఆర్పేశారు. కరెంటు పోయిందనుకుని డాక్టరు నర్సుని కేకేశాడు.

"పోలేదండీ, నేనే ఆపాను. మీరు అటు చూస్తున్నారు కదా, ఇటు దీపం దేనికి?" అన్నారు మామగారు, నోట్లో దూది ఒప్పుకున్నంత మేరకు. ఆ తర్వాత ఆయన వెళ్లినప్పుడల్లా ఆ ఆసుపత్రిలో స్విచ్చుల బోర్డు దగ్గర ఒక మనిషిని కాపలా పెడుతున్నారు.

ఇంట్లో స్నానాల గదికి వెళ్లినవాళ్లు చప్పుడు చేస్తూనే ఉండాలి. చప్పుడు ఆగితే దీపం ఆరుతుంది. అత్తగారు పాట పాడతారు. కూతురు చెంబుతో తలుపు మీద కొడుతుంది. అల్లుడికి పాట రాదు, చెంబు దొరకదు, అందుకని ఎక్కాలు చదువుతాడు. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో పంతొమ్మిదో ఎక్కం దాకా వచ్చాడు. కొత్తలో ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడంతో, కళ్లనిండా సబ్బుతో చీకట్లో తడుముకుని, తువ్వాలనుకుని నేల తుడిచే గుడ్డతో ముఖం తుడుచుకున్నాడు పాపం.

అలాంటి మనిషి కరెంటు కారు కొన్నారంటే వీధి వీధంతా నవ్వింది. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ఫ్రిజ్ తలుపు కాస్త ఎక్కువసేపు తీస్తేనే ఇల్లు పీకి పందిరి వేస్తారు. ఇంత కారుకి కరెంటు ఎలా పెడతారండీ?"

"పెట్రోలు బండి నిలబడ్డా తాగుతూనే ఉంటుంది. ఇది నిలబడిందంటే ముద్ద ముట్టదు. ఇంత మర్యాద మన చుట్టాల్లో ఎవరికుందో చెప్పు."

అత్తగారు చాలాసేపు ఆలోచించారు. ఒక్క పేరూ చెప్పలేకపోయారు.

అల్లుడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. అతను ఇళ్లకి నక్షలు గీస్తాడు. గీసేవాడు, అనాలి. రెండు నెలల కిందట అతని కంపెనీ మూతపడింది. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ తెలియదు. కింది వాటాలో అత్తామామలు, పై వాటాలో తాము. వాళ్లకి తెలిస్తే బెంగపెట్టుకుంటారని, అసలు సంగతి చెప్పాలంటే తనకి తలకొట్టేసినట్టుంటుందని, రోజూ తొమ్మిదింటికి అత్తగారిచ్చిన టిఫిన్ డబ్బా పట్టుకుని బయల్దేరి ఊళ్లో లైబ్రరీలో కూర్చునేవాడు. సాయంత్రం ఆరింటికి, పని ఒత్తిడితో నలిగిపోయినవాడిలా ముఖం పెట్టి ఇంటికొచ్చేవాడు. ఉన్న ఉద్యోగం చెయ్యడం కన్నా లేని ఉద్యోగం చెయ్యడం కష్టమని అతనికి అప్పుడే తెలిసింది.

ఎట్టకేలకు ఒక పిలుపు వచ్చింది. పని సొంతూళ్లోనే, ఇంటర్వ్యూ మాత్రం రెండు వందల ఎనభై కిలోమీటర్ల అవతల పెద్దాఫీసులో. గురువారం సాయంత్రం నాలుగు గంటలకి. ఆలస్యమైతే తర్వాతి మనిషిని పిలుస్తామని ముందే చెప్పారు. సైటు పని మీద వెళ్తున్నానని ఇంట్లో చెప్పి, బస్సు టికెట్టు తీసుకున్నాడు.

"బస్సెందుకు? కారుంది" అన్నారు మామగారు.

"మీకెందుకండీ శ్రమ?"

"కొని మూడు వారాలైంది. కూరగాయల మార్కెట్టు దాటి దాన్ని ఎక్కడికీ తీసుకెళ్లలేదు. దానికీ లోకం చూడాలని ఉండదా?"

కారుకున్న కోరికలకి అడ్డు చెప్పడం అల్లుడికి చేతకాలేదు.

ఎనిమిదింటికి బయల్దేరారు. వెనక సీట్లో ఇస్త్రీ చొక్కా వేలాడుతోంది. వీధి మలుపు తిరగకముందే మామగారు ఏసీ ఆపారు. ఊరు దాటకముందే రేడియో ఆపారు. దారి చెప్పే గొంతు "మూడు వందల మీటర్ల తర్వాత కుడి..." అంటుండగానే దాన్నీ ఆపారు.

"అదేంటి మామయ్యగారూ, దారి ఎలా తెలుస్తుంది?"

"రోడ్డు కనిపిస్తోందిగా. కనిపించేదాన్ని చెప్పడానికి మళ్లీ ఒక మనిషా? చార్జి దండగ."

కారు గంటకి నలభై దాటలేదు. ఒక ట్రాక్టరు వాళ్లని దాటి వెళ్లింది. దాని వెనకున్న గడ్డి మోపు మీద కూర్చున్న ఆవిడ వీళ్లకేసి జాలిగా చూసింది. అల్లుడు చెమటతో ముద్దయిపోయాడు. గడియారం వంక చూడటం, తెర మీద చార్జి వంక చూడటం, మళ్లీ గడియారం వంక చూడటం, ఇదే పని.

ఇంతలో ఫోను మోగింది. దారి చూపించడానికని పొద్దున్నే ఫోనుని కారుకి కలిపాడు కాబట్టి, మోత కారంతా నిండిపోయింది. అల్లుడు కంగారుగా నొక్కాడు. ఫోను ఆగలేదు సరికదా, ఒక ఆడగొంతు కారులో గంట కొట్టినట్టు పలికింది.

"నమస్కారమండీ, ఇవాళ నాలుగు గంటలకి మీ ఇంటర్..."

మామగారి వేలు తెర మీద పడింది. గొంతు ఆగిపోయింది.

"ఎవరో పొరపాటున చేసినట్టున్నారు. చార్జి దండగ" అన్నారాయన, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

తేలు కుట్టిన దొంగలా అల్లుడు ఫోనుని జేబులోకి తోశాడు. విన్నారా, వినలేదా? ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. మీటరు పెట్టెనైనా తెరిచి చూడొచ్చు గాని, మామగారి ముఖం చూసి రీడింగు చెప్పడం ఎవరి తరమూ కాదు.

పన్నెండుంబావుకి దారిపక్క ఒక హోటలు దగ్గర ఆగారు. ఇరవై తొమ్మిది శాతం మిగిలింది. ఇంకా నూట పది కిలోమీటర్లు వెళ్లాలి. ఆవరణలో గోడకి ఆనించి చార్జింగు మిషను ఉంది. వైరు పెట్టగానే పచ్చదీపం వెలిగింది. అల్లుడి ప్రాణం కాస్త కుదుటపడింది. యాభై నిమిషాలు పెడితే చాలు, హాయిగా చేరిపోవచ్చు.

భోజనం చేశారు. మామగారు చేతులు కడుక్కోవడానికి వెళ్లి, తిరిగొచ్చి, టీ చెప్పారు. వాళ్లు టీ తాగుతుండగా హోటలావిడ వంటింట్లో లైటు ఆరిపోయిందని అరిచింది. మామగారు చాలా ఆసక్తిగా పైకప్పు వంక చూశారు.

ఒంటిగంటా పదికి కారు దగ్గరికొచ్చారు. తెర మీద ఇరవై తొమ్మిది. మిషను మీద పచ్చదీపం లేదు, ఎర్రదీపం లేదు, అసలు దీపమే లేదు. మిషను పక్కన గోడమీద ఒక మెయిన్ స్విచ్చు కిందికి దించి ఉంది.

"మామయ్యగారూ."

"ఊఁ."

"ఈ స్విచ్చు..."

మామగారు స్విచ్చు వంక చూశారు. తర్వాత తన చెయ్యి వంక చూసుకున్నారు, ఇంట్లో దొంగని పట్టుకున్నట్టు.

"కుళాయి దగ్గరికి ఇటుగానే వెళ్లాను. అక్కడ మనిషెవరూ లేరు అల్లుడూ" అన్నారు నెమ్మదిగా.

"మనిషి లేకపోతే ఏమండీ, కారుంది కదా! మన కారు! మనం పెట్టిన వైరు!" అల్లుడికి ఇంక ఆగలేదు. రెండు నెలలుగా దాచుకున్నదంతా ఒక్కసారి తన్నుకొచ్చింది. "నాలుగింటికి ఇంటర్వ్యూ మామయ్యగారూ! సైటూ లేదు, గియిటూ లేదు! రెండు నెలలైంది ఉద్యోగం పోయి! రాక రాక వచ్చిన పిలుపు ఇదొక్కటే, ఇదీ పోతే నేను మీ ముఖం ఎలా చూడాలి?"

హోటలావిడ వంటింట్లోంచి బయటికొచ్చి నిలబడింది. మామగారు మాత్రం ఆశ్చర్యపోలేదు. స్విచ్చు పైకెత్తారు. మిషను పచ్చగా వెలిగింది.

"అరగంట పెడదాం. ఈలోపు వెళ్లి ముఖం కడుక్కో" అన్నారంతే.

ఎక్కువసేపు పెడితే టైము చాలదు, తక్కువసేపు పెడితే చార్జి చాలదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. అరగంటకి చార్జి నలభై ఎనిమిది శాతానికి చేరింది. అంతకు మించి ఆగే వ్యవధి లేదు. బయల్దేరారు.

ఆ రెండు గంటలూ మామగారు నడిపిన తీరు చూసి తీరాలి. వాలు దొరికితే కారుని దాని మానాన జారనిచ్చారు. ముందు లారీ బ్రేకు వేస్తుందని లారీ డ్రైవరుకన్నా ముందే కనిపెట్టి కాలు తీశారు. ఒక్క చుక్క కరెంటు వృథా పోనివ్వకుండా యాభై ఐదు దగ్గర కారుని కట్టేసినట్టు నడిపారు. జీవితమంతా ఆపుతూ వచ్చిందంతా ఈ నూట పది కిలోమీటర్ల కోసమేనా అనిపించింది అల్లుడికి.

"నన్ను క్షమించండి, ఇందాక అరిచాను" అన్నాడు.

"మాట్లాడకు."

"మాట్లాడితే కారు చార్జి తగ్గదు కదండీ?"

"నీది తగ్గుతుంది. లోపలికెళ్లి మాట్లాడాలా లేదా?"

ఊళ్లోకి వచ్చేసరికి ఐదు శాతం. ఎదురుగా వంతెన. ఎక్కేటప్పుడు నాలుగు, పైన మూడు. దిగుతుంటే తెర మీద అంకె కదల్లేదు, ఇద్దరూ ఊపిరి బిగబట్టి దాన్నలాగే ఉండమని చూశారు. నాలుగు గంటలకి ఇంకా ఆరు నిమిషాలుండగా రెండు శాతంతో ఆఫీసు గేటు ముందు ఆగారు. అల్లుడు కారులోనే ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఫైలు పట్టుకుని పరిగెత్తాడు. గుండీ ఒకటి తప్పు కాజాలో పడిందని వెనక నుంచి మామగారు అరిచి చెప్పారు.

లోపల ఒక నక్ష ఇచ్చి తప్పులు పట్టుకోమన్నారు. మెట్ల లైటుకి ఒకే స్విచ్చు పెట్టి ఉందని, అది పైనుంటే కిందివాడికి అందదని, కిందుంటే పైవాడు ఆపలేడని అల్లుడు ఎరుపు పెన్సిలుతో గీసి చూపించాడు. ఇంత చిన్న విషయం ఎలా పట్టారని వాళ్లు అడిగారు. ఇంట్లో ఒక పెద్దమనిషి ఉన్నారని చెప్పాడు.

ఐదున్నరకి బయటికొచ్చాడు. ఆఫీసు కింది అంతస్తులో కారు చార్జవుతోంది. కాపలావాడు కుర్చీలో కూర్చున్నాడు. మామగారు మిషను ముందు, రెండు చేతులూ వీపు వెనక ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"గంటన్నర నుంచి ఇలాగే ఉన్నారు సార్. కూర్చోమంటే కూర్చోరు. ముక్కు దురద పెడుతోందని నన్ను గోకమన్నారు" అన్నాడు కాపలావాడు.

"ఒకటో తారీఖున చేరమన్నారు మామయ్యగారూ."

మామగారు చేతులు వదిలారు. అల్లుడి చొక్కా గుండీ సరిచేశారు. ఆ పని కాస్త ఎక్కువసేపే చేశారు.

"మీకు ముందే తెలుసు కదూ?" అన్నాడు అల్లుడు.

"తెలుసు. లైబ్రరీలో ఫ్యాన్లు ఊరికే తిరుగుతున్నాయని ఎవరో చెప్తే వెళ్లాను. ఏడు ఆపాను. ఎనిమిదోదాని కింద నువ్వున్నావు. పేపరు మీద తలపెట్టుకుని పడుకున్నావు. పక్కన డబ్బా, మూత కూడా తియ్యలేదు."

"లేపలేదేమండీ?"

"లేపితే నాకో అబద్ధం చెప్పాల్సొచ్చేది నీకు. ఇంట్లో చెప్పే వాటితోనే అలిసిపోతున్నావు, ఇంకోటెందుకని."

అల్లుడు ఫైలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"కానీ ఒక చిక్కొచ్చింది. లైబ్రేరియనుకి నేను నేర్పిన పొదుపే. అతను మధ్యాహ్నం భోజనానికి వెళ్తూ మొత్తం కట్టేసి పోతాడు. నువ్వు ఉక్కలో పడుకుంటావు. అందుకని రోజూ వెళ్లి, గుమ్మం బయట స్విచ్చుల బోర్డుంది కదా, నీ ఒక్క ఫ్యానూ మళ్లీ వేసొచ్చేవాణ్ని."

"రోజూనా? రెండు నెలలా? నేను కరెంటు పోయి వస్తోందనుకున్నాను!"

"కుడిచెయ్యి మొదట్లో ఒప్పుకోలేదు. ఎడమచేత్తో వేసేవాణ్ని" అన్నారు మామగారు, నేరం ఒప్పుకుంటున్నట్టు తలదించుకుని.

అల్లుడికి ఈ మనిషి మీద ఇందాక రోడ్డున పడి అరిచినందుకు చెంపలు వాయించుకోవాలనిపించింది. బదులుగా నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వాడు.

"మీ అమ్మాయికి ఫోనులో చెప్పేశాను. అత్తయ్యకేం చెప్దాం?"

"వచ్చిందని చెప్పు."

"పోయిందనే తెలియదు కదండీ ఆవిడకి!"

మామగారు ఆలోచించారు. "అయితే ముందు పోయిందని చెప్పు. ఓ పది నిమిషాలు ఏడవనిచ్చి, అప్పుడు వచ్చిందని చెప్పు."

కారులో కూర్చుని ఫోను చేశారు. ఒక్క మోతకే అత్తగారు ఎత్తారు. గొంతు కారంతా నిండింది.

"వచ్చిందా బాబూ ఉద్యోగం?"

అల్లుడు మామగారి వంక చూశాడు. ఆయన గాలి వంక చూశారు.

"వచ్చిందత్తయ్యా. కానీ... మీకెలా తెలుసు?"

"పెట్టిన డబ్బా పెట్టినట్టు తిరిగొస్తుంటే తెలియదా నాయనా? పనిచేసేవాడు అలా వదులుతాడా? ఇవాళ ఇస్త్రీ చొక్కా వేలాడదీసుకుని బయల్దేరితే దేనికో ఊహించలేనా? నువ్వు దాచుకుంటున్నావు కదా అని నేనూ నోరు మూసుకున్నాను. పోనీలే, గండం గట్టెక్కింది." ఆవిడ గొంతు ఒక్కసారిగా తగ్గించారు. "బాబూ, ఒక్కమాట. మీ మామయ్య పక్కన లేరు కదా? ఆయనకి మాత్రం ఈ సంగతి ఎప్పటికీ తెలియనివ్వకు. పిచ్చి మనిషి, స్విచ్చులు తప్ప లోకం తెలియదు. వింటే తట్టుకోలేరు."

మామగారు అంతా విన్నారు. చాలా గంభీరంగా తలూపి, సరేనని చెప్పమని అల్లుడికి సైగ చేశారు.

"సరే అత్తయ్యా, చెప్పనులెండి" అన్నాడు అల్లుడు.