శాంపిల్ పిన్నులు

భిలాయిలో ప్లాంటు గోడకి బయట మేం పనిచేసే వర్క్‌షాప్‌లో ఇనుము చెక్కే లేత్‌లు రెండుండేవి. పాతదాని మీద మా నాన్న, కొత్తదాని మీద నేను భయ్యా అని పిలిచే కొత్త ఆపరేటర్. ఇద్దరూ క్రేన్లకి ఒకే కొలత పిన్నులు తీసేవారు. పెట్టెకి నాలుగైదు కొలిచి పంపడం నా పని. నాన్న పిన్నులు ఒకటి లావు, ఒకటి సన్నం వస్తున్నాయని మా ఓనరు సేఠ్‌కి అనుమానం. నిజమని తేలితే లేత్‌ని తుక్కుకి, నాన్నని ఇంటికి పంపుతానన్నాడు. అరవయ్యేళ్ల మనిషిని ఇంకెవరూ పనిలో పెట్టుకోరు.

నోరు ఊరుకోక అందరి ముందూ నేనే అడ్డుపడ్డాను. రెండింటి సగటూ ఒకటే కాబట్టి అది చూసి లాభం లేదు, కొలతలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే వేరియన్స్‌లు పోల్చే ఎఫ్ పరీక్ష చేద్దామన్నాను. పెద్ద వేరియన్స్‌ని పైన పెట్టి చిన్నదానితో భాగిస్తాం. వచ్చింది పట్టికలోని హద్దు దాటితే తేడా నిజమని ఒప్పుకోవాలి. నా చదువు ఇన్నాళ్లకి పనికొస్తోందని లోపల కాస్త పొగరు కూడా.

పొద్దున్న ఇద్దరినీ శాంపిల్ ఇవ్వమన్నాను. మధ్యాహ్నానికి లెక్క కట్టాను. నాన్న పిన్నుల వేరియన్స్ కొత్త లేత్‌దానిలో సగం కూడా లేదు. ముందు గంతేద్దామనిపించింది. తర్వాత అంకెలు మళ్లీ చూశాను. నాన్న లేత్ ఎంత వదులైపోయిందో నాకు తెలుసు.

టీ టైములో నాన్న దగ్గరికి వెళ్లి, మంచివే ఏరి ఇచ్చావా అని అడిగాను. ఆయన తడబడలేదు.

“సాంపిలంటే మంచివే ఇత్తారు గదేటమ్మా. ముప్పయ్యేళ్ల నుంచీ అలాగే ఇత్తన్నాం.”

నిజమే. మా దగ్గర శాంపిల్ అంటే సరుకు కొనే పార్టీకి చూపించేది. కొత్తగా వచ్చిన భయ్యాకి ఆ అలవాటు తెలీక వచ్చినవి వచ్చినట్టే ట్రేలో పోసిచ్చాడు. చదువుకున్న నేనే, వరసగా తీసినవన్నీ కావాలని చెప్పలేదు. నా మీద నాకే ఒళ్లు మండింది.

లెక్క కాగితం సేఠ్‌కి అలాగే ఇచ్చేస్తే ఎవరికీ తెలిసేది కాదు. కానీ వదులు పిన్ను పడిన క్రేన్ కింద ఎవరి నాన్న నిలబడతాడో. మిగిలినవి కూడా కావాలన్నాను.

నాన్న నా మొహంలోకి చూసి, డ్రాయర్‌లో గుడ్డపీలికల కింద పెట్టిన పిన్నులు తీసి బల్ల మీద పరిచాడు. మైక్రోమీటర్ ఆయనే పట్టుకుని ఒక్కొక్కటీ కొలిచి పైకి చదివాడు. ఒక్క అంకె కూడా మార్చి చెప్పలేదు. అన్నీ రాసుకుని మళ్లీ లెక్క కట్టాను.

“ఇప్పుడు పైన ఎవులిదమ్మా?”

“నీదే నాన్నా.”

“హద్దు దాటిందేటి?”

తలూపాను. ఆయన మైక్రోమీటర్ తుడిచి, పెట్టెలో పెట్టి, నా వైపు జరిపాడు.

“ఇంకెవులినైనా అడిగినప్పుడు, సెడ్డవి కూడా ఇమ్మని ముందే సెప్పు.”

లేత్ మీద ఒక పిన్ను సగంలో ఉందని లేచి వెళ్లాడు. అది పూర్తయ్యేదాకా నేను కాగితం సేఠ్‌కి ఇవ్వలేదు.