బోదె గట్టు మీద పెట్టిన ఒట్టు

మా చిన్నప్పుడు... నాన్నగారు నా నెత్తి మీద చెయ్యి పెట్టి, ఇక సారా ముట్టనని ఒట్టేశారు. కోతలు రాకముందే ఆ ఒట్టు తప్పారు.

కొత్తపేట అవతల మాకు లంక చేను ఉండేది. ఆ ఏడు గోదావరి దాన్ని పెచ్చులు పెచ్చులుగా కోసుకుపోయింది. కాపుకొచ్చిన కొబ్బరిచెట్లు నీళ్లలోకి ఒరిగిపోతుంటే నాన్నగారు ఒడ్డున కూర్చుని చూసేవారు... చూసి చూసి సారా కొట్టుకి వెళ్లేవారు.

అమ్మ పోట్లాడలేదు. నన్ను ముందుకు తోసి ఒట్టు వేయించుకుంది. ఆ వెంటనే కొబ్బరిపీచు తాళ్లు పేనే రాట్నం వాకిట్లో పెట్టించింది.

నేను రాట్నం తిప్పేవాడిని. నాన్నగారు ఒళ్లో పీచు పెట్టుకుని, వేళ్లతో వదులుతూ వెనక్కి నడిచేవారు. నడిచినంత మేరా తాడు... చేతులు బొబ్బలెక్కేవి. కానీ కడుపునిండా తినేవారు, నిద్రపోయేవారు. ఒక సాయంత్రం కూనిరాగం కూడా తీశారు. బరువెక్కిన మనసు గురించి తర్వాత చాలా పుస్తకాలు చదివాను. ఆ సాయంత్రం నాన్నగారి మొహం మాత్రం వాటిలో దొరకలేదు.

అప్పుడొచ్చాడు అమ్మ తమ్ముడు, మా చినమావయ్య. వీధిలోంచే కేకేశాడు.

"ఇదేంటండి బావగారూ! చేనున్న మారాజు తాళ్లు పేనుకోడమేంటండి, ఆడోళ్లలాగ?"

"ఏదో పొద్దుపోతాదని లేరా..."

"పొద్దుపోడానికి ఇదాండీ? రండి, అలా వెళ్లొద్దాం."

"పిల్లోడి నెత్తి మీద ఒట్టేసేనురా."

"ఓస్, అంతేనా! తీసి గట్టు మీద పెట్టేస్తే సరి. ఏరా అల్లుడూ?"

"వద్దురా తమ్ముడూ," అంది అమ్మ.

"ఊరుకో అక్కా!" అంటూ నా నెత్తి మీంచి గుప్పిటతో ఏదో తీసినట్టు తీసి, ఎదురుగా చేలకి నీళ్లు పారే పంటబోదె గట్టు మీద పెట్టాడు. వీధంతా నవ్వింది. నాన్నగారూ నవ్వారు... చేతిలో పీచు వదిలేసి అతని వెనకాలే వెళ్లారు. సగం పేనిన తాడు గిర్రున మెలికలు పడిపోయింది.

ఒట్టు తప్పితే తల పగిలిపోతుందనేవారు. బళ్లో కూర్చుని మాటిమాటికీ నెత్తి తడుముకునేవాడిని. పగల్లేదు... కానీ నా తల గ్లాసుడు సారాపాటి చెయ్యదని ఊరందరికీ తెలిసిపోయింది. "ఏరా, నీ ఒట్టు ఇంకా గట్టు మీదే ఉందా?" అనేవారు తోటిపిల్లలు. ఆ సిగ్గు ఇన్నేళ్లయినా దిగలేదు.

నేను హైస్కూల్లో ఉండగానే నాన్నగారు కాలేయం పాడై చనిపోయారు. చివరిదాకా తాగారు. మళ్లీ రాట్నం దగ్గరికి రాలేదు... ఎవరైనా చూస్తారని.

చినమావయ్య ఇప్పుడు పెద్దమనిషి. రోజూ పొద్దున్నే మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడతాడు... మనసు బాగోకపోతే ప్రాణాయామం చెయ్యండి, చెట్ల మధ్య నడవండి అని. అందరూ దణ్ణాలు పెడతారు.

వాకిళ్లలో రాట్నాలు పోయాయి... సారా కొట్లు పోయి వైన్ షాపులు వచ్చాయి. తేరుకుంటున్న మనిషిని నవ్వి పాడుచేసినవాళ్లు మీ ఇళ్లలోనూ ఉండే ఉంటారు. మొహమాటపడకుండా పేరుతో సహా రాయండి. ముందు నేను రాస్తున్నాను...

సత్తిరాజు. మా అమ్మ తోడబుట్టినవాడు.