పొద్దున కుట్టాల్సిన పగ

కాలర్ మాస్టరు అంత తేలిగ్గా మరిచిపోయే మనిషి కాదు. ముప్పై ఏళ్లు బావమరిది కుట్టు దుకాణంలో కాలర్లు నిలబెట్టాడు. చివరికి ఆ బావమరిదే పదిమంది ముందు, "నీకు చూపు ఆనడం లేదు బావా, ఇక ఇంట్లో కూర్చో" అన్నాడు. మాస్టరు కత్తెర బల్ల మీద పెట్టి వచ్చేశాడు.

ఇంటి ముందుగదిలో మిషను వేసుకున్న రెండో నెలలో అదే బావమరిది కోటుగుడ్డ పంపాడు. దర్జీల సంఘం వాళ్లు అతనికి సన్మానం చేస్తున్నారట. అతని ఎడమ భుజం వేలెడు కిందికి ఉంటుంది. అది కనపడకుండా కోటు కుట్టే చెయ్యి ఊళ్లో ఒక్కటే. గెంటేసిన నాడు ఆ సంగతి గుర్తు రాలేదు మహానుభావుడికి!

వెతకబోయిన తీగ కాలికి తగిలిందని మాస్టరు మురిసిపోయాడు. కోటంతా గట్టిగా కుట్టి, చేతుల్ని మాత్రం భుజాల దగ్గర కచ్చా కుట్టుతో వదిలేయాలి. లాగితే ఊడిపోయే వదులు కుట్టది. వేదిక మీద వాడు చేతులెత్తి ఊపగానే కోటు చేతులు రెండూ ఊడి వేలాడాలి. భార్యకు చెప్తే ఆవిడ అడ్డు చెప్పలేదు. తమ్ముడైతేనేం, తన మొగుణ్ణి గెంటినవాడు.

కోటు ఇవ్వాల్సిన రోజు పొద్దున పగ తాజాగానే ఉంది. అసలు పని తాపీగా చేద్దామని కోటు చేతులు చివరికి ఉంచాడు. ఆ రోజంతా ఓర్చుకోవడంతోనే సరిపోయింది. లావుపాటి గుమాస్తా ఒకడు ఆ నడుము కొలత తనది కాదని గంటసేపు వాదించాడు; మాస్టరు నవ్వి ఊరుకున్నాడు. పంతులమ్మ మూడుసార్లు గుండీలు మార్పించింది. పళ్లు బిగబట్టి మార్చాడు. సాయంత్రం కోటు ముందు కూర్చునేసరికి ఒంట్లో సత్తువ లేదు. కాలు తొక్కింది, చెయ్యి గుడ్డ నడిపింది, అంతే తెలుసు.

సన్మానం నాడు మొదటి వరుసలో కూర్చున్నాడు. బావమరిది చేతులెత్తాడు, ఊపాడు, పక్కవాణ్ణి కావలించుకున్నాడు. కోటు చెక్కుచెదరలేదు. పైగా మైకులో, "ఇది మా బావ కుట్టిన కోటు. ఆ చేతికి తిరుగులేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. మాస్టరుకు ఒళ్లు మండిపోయింది.

అభినందించే నెపంతో దగ్గరికి వెళ్లి భుజం తడిమాడు. చక్కటి మిషను కుట్టు. చివర మూడుసార్లు వెనక్కీ ముందుకీ నడిపి బిగించి ఉంది. ముప్పై ఏళ్లుగా అతను ఏ కుట్టునూ అలా బిగించకుండా వదల్లేదు.

ఇంటికొచ్చి భార్య దగ్గర కక్కేశాడు. పగ చల్లారి కాదు, దాన్ని పట్టుకుని కూర్చునే ఓపిక ఆ పూటకి మిగల్లేదన్నాడు.

"పగ పొద్దున్నే కుట్టాల్సిందండీ," అంది ఆవిడ. "సాయంత్రానికి మీరుండరు. మీ చేతులే ఉంటాయి."

వారం తిరక్కుండా బావమరిది ఇంకో గుడ్డ పంపాడు. ఈసారి ప్యాంటుకి. మర్నాడు తెల్లారగానే, ముఖమైనా కడుక్కోకుండా, మాస్టరు కచ్చా దారం తీసుకుని కూర్చున్నాడు. ఎవరూ వచ్చి ఆయన ఓపిక తినెయ్యకుండా భార్య వెళ్లి వీధితలుపు గడియ వేసింది.